కీళ్ళు – రకాలు, కదలికలు, కట్టు కట్టించే ముందు చూడవలసినవి



మన ట్రస్టు విద్యార్థి వేతనం అందుకుంటున్న పిల్లల్లో పి.యు.సి. మొదటి సంవత్సరం సైన్సు తీసుకున్నవారు ఈసారి ఎక్కువమంది ఉన్నారు. జీవశాస్త్రంలో కదలికల పాఠం కష్టంగా ఉందని, ఇంగ్లీషు పేర్లు గుర్తుండడం లేదని కొందరు అన్నారట. దాన్ని తెలుగులో వివరించమని సంపాదకవర్గంవారు నన్ను కోరారు. నేను బి.కాం. చదివి, బ్యాంకు కౌంటరు వెనక ముప్ఫై ఏళ్ళకు పైగా గుమాస్తాగా పనిచేసి రిటైరయినవాణ్ణి. సైన్సు చదవనివాడికి అర్థమైతే అందరికీ అర్థమవుతుందని ఈ పని నాకు అప్పగించి ఉంటారు. రాసిన తర్వాత ఒక ఎముకల వైద్యులకు చూపించి సరిచేయించాను. పరీక్షకు పనికివచ్చే సంగతులతోపాటు తల్లిదండ్రులు చదవవలసినవి కూడా ఇందులో ఉన్నాయి. కాబట్టి ఇంట్లో పెద్దలకు కూడా చదివి వినిపించండి.

రెండు గాని, అంతకంటే ఎక్కువ గాని ఎముకలు కలుసుకునే చోటును కీలు అంటాం. పెద్దవారి శరీరంలో 206 ఎముకలు ఉంటాయి. పుట్టిన బిడ్డకు ఇంతకంటే చాలా ఎక్కువే ఉంటాయి. పెరిగేకొద్దీ కొన్ని ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. కీలు అనగానే మోకాలో మోచెయ్యో గుర్తుకు వస్తుంది గాని, కదలని కీళ్ళు కూడా ఉన్నాయి. ఎముకల మధ్య ఏ పదార్థం ఉందన్నదాన్ని బట్టి కీళ్ళను మూడు తరగతులుగా విభజించారు: నారతో బిగించినవి, మృదులాస్థితో అతికినవి, ద్రవం నిండిన సంచి ఉన్నవి. పాఠ్యపుస్తకంలో వీటినే ఫైబ్రస్, కార్టిలాజినస్, సైనోవియల్ అంటారు.

పేర్లు బట్టీ పట్టేముందు ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే ఇది జమాఖర్చు పద్దు. కీలుకు కదలిక ఎంత జమ అవుతుందో, పట్టు అంత ఖర్చవుతుంది. పుర్రెలోని కీళ్ళకు పట్టు మాత్రమే ఉంది, కదలిక లేదు. భుజానికి అందరికంటే ఎక్కువ కదలిక ఉంది, అందుకే అందరికంటే ఎక్కువగా అదే జారిపోతుంది. మిగిలిన కీళ్ళన్నీ ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఒకచోట ఉంటాయి. ఈ పద్దు అర్థమైతే సగం పాఠం వచ్చినట్లే.

మొదటి తరగతిలో ముఖ్యమైనవి పుర్రె ఎముకల మధ్య ఉండే కుట్లు. రంపపు పళ్ళలాంటి అంచులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని, మధ్యలో పలుచని నారపొర ఉంటుంది. పసిబిడ్డలో ఈ కుట్లు ఇంకా బిగిసి ఉండవు. ప్రసవంలో తల బయటికి రావడానికి, ఆ తర్వాత మెదడు పెరగడానికి చోటు కావాలి కదా. అమ్మమ్మలు ఆముదం పెట్టే మాడు ఉన్నదే, అది పుర్రె ఎముకలు ఇంకా కలవని ఖాళీ. ముందువైపు మాడు సాధారణంగా ఏడాదిన్నర వయసుకు మూసుకుంటుంది. అది లోతుగా గుంటపడితే ఒంట్లో నీరు తగ్గిందని, ఉబ్బితే మరేదో ప్రమాదమని డాక్టర్లు చూసేది అందుకే. పంటి వేరు దవడలో నిలిచే చోటు కూడా ఈ తరగతిదే.

ముఖంలో చక్కగా కదిలే కీలు దవడ కీలు ఒక్కటే. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి చూడండి, తెలుస్తుంది. కింది దవడ రెండు చెవుల దగ్గరా వేలాడుతూ తలుపులా తెరుచుకుంటుంది, కొంచెం ముందుకు జారుతుంది కూడా. 2002 మేలో ఆంటిగ్వా టెస్టులో మన బెంగళూరు అనిల్ కుంబ్లే దవడ విరిగితే, తల చుట్టూ కట్టు కట్టుకుని వచ్చి 14 ఓవర్లు బౌలింగు చేసి, బ్రయాన్ లారాను ఎల్.బి.డబ్ల్యు.గా అవుట్ చేశాడు. ఆ కట్టు గడ్డం కింద నుంచి నడినెత్తి మీదుగా ఎందుకు వెళ్ళిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. కింది దవడను పై దవడకు ఆనించి కదలకుండా ఉంచడానికి వేరే దారి లేదు. ఆ తర్వాత ఆయన శస్త్రచికిత్స కోసం బెంగళూరు వచ్చేశాడు.

రెండో తరగతిలో వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు వస్తాయి. ఒక్కొక్కటీ కదిలేది కొంచెమే, అన్నీ కలిస్తే మనిషి వంగి నేల తాకగలుగుతాడు. ఇదే తరగతిలో, పుస్తకంలో ఒక్క వాక్యంతో సరిపెట్టే కీలు ఒకటి ఉంది. పిల్లల పొడవాటి ఎముకల కొసల దగ్గర ఉండే పెరుగుదల పలక అది. మృదులాస్థితో చేసిన ఈ పలక దగ్గరే ఎముక పొడవు పెరుగుతుంది. పెరగడం పూర్తయ్యాక అది కూడా ఎముకగా మారిపోతుంది. ఆడపిల్లల్లో ఇది సుమారు 14, 15 ఏళ్ళకు, మగపిల్లల్లో ఒకటి రెండేళ్ళు ఆలస్యంగా జరుగుతుంది. అంటే ఇది కొన్నేళ్ళు మాత్రమే ఉండే కీలు. దీని సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

మూడో తరగతి సైనోవియల్ కీళ్ళది. వీటి నిర్మాణం అన్నిచోట్లా ఒకటే. ఎముకల కొసలకు నున్నని మృదులాస్థి తొడుగు ఉంటుంది. చుట్టూ ఒక సంచి, సంచి లోపలి పొర నుంచి ఊరే జిగురు ద్రవం, బయట ఎముకను ఎముకతో బిగించే సంధిబంధనాలు ఉంటాయి. కండరాన్ని ఎముకతో కలిపేది స్నాయుబంధనం. ఈ రెండు మాటలూ తారుమారు చేసి మార్కులు పోగొట్టుకునేవారు ప్రతి ఏటా ఉంటారు. మృదులాస్థికి రక్తనాళాలు లేవు. దానికి ఆహారం ఈ ద్రవం నుంచే అందుతుంది, అదీ కీలు కదిలినప్పుడు స్పాంజిని పిండి వదిలినట్లు అందుతుంది. కట్టులో నెలలపాటు ఉంచిన కీలు బిగుసుకుపోవడానికి ఇదొక కారణం.

మెటికలు విరిస్తే కీళ్ళు అరిగిపోతాయా అని పిల్లలు అడుగుతారు. ఆ చప్పుడు ఎముకలది కాదు. సంచి సాగినప్పుడు లోపలి ఒత్తిడి తగ్గి, ద్రవంలో వాయువు బుడగ ఏర్పడడం వల్ల వచ్చే చప్పుడు అది. డొనాల్డ్ ఉంగర్ అనే అమెరికా డాక్టరు యాభై ఏళ్ళపాటు ఎడమచేతి మెటికలు మాత్రమే విరిచి, కుడిచేతివి వదిలేసి, రెండు చేతుల్లోనూ కీళ్ళవాతం లేదని 1998లో ప్రకటించారు. ఆయన ఒక్కరి చేతులు చూసి లోకానికంతా తీర్పు చెప్పలేం గాని, దిష్టి తీసి మెటికలు విరిచే మన ముసలమ్మలకు భయం అక్కరలేదు.

ఇక సైనోవియల్ కీళ్ళలో రకాలు.

బంతిగిన్నె కీలు భుజంలోను, తుంటిలోను ఉంది. రెండూ ఒకే రకమైనా రెండింటికీ పోలిక లేదు. తుంటి గిన్నె లోతైనది, తొడ ఎముక తల దానిలో బాగా దిగి ఉంటుంది. భుజం గిన్నె సాసరులా పలుచన, దానిమీద పెద్ద బంతి. పట్టంతా చుట్టూ ఉన్న కండరాలదే. ముందుకు, వెనక్కు, పక్కకు, లోపలికి, గుండ్రంగా అన్ని వైపులకూ చెయ్యి తిరుగుతుంది. చెయ్యి పక్కకు ఎత్తడం అబ్డక్షన్, ఒంటికి దగ్గరగా తేవడం అడక్షన్. రుబ్బురోలులో పొత్రం తిప్పినట్లు చెయ్యంతా గుండ్రంగా తిప్పడం సర్కమ్‌డక్షన్. రుబ్బురోలు చూడని పిల్లలు మామిడితోరణం కట్టేటప్పుడు, గోడకు సున్నం వేసేటప్పుడు భుజాన్ని గమనించండి.

మడత బందు కీలు తలుపు బందులాంటిది. ఒకే దారిలో మడుస్తుంది, చాపుతుంది. మడవడం ఫ్లెక్షన్, చాపడం ఎక్స్‌టెన్షన్. మోచెయ్యి, వేళ్ళ కణుపులు ఈ రకం. మోకాలిని కూడా ఈ రకమనే పరీక్షలో రాయాలి గాని, అది అంత శుద్ధమైన బందు కాదు. కుర్చీలో కూర్చుని మోకాలు మడిచి, పాదాన్ని కుడికి ఎడమకు తిప్పండి. కొంచెం తిరుగుతుంది, అది మోకాలి దగ్గర తిరిగేదే. ఇప్పుడు కాలు తిన్నగా చాపి తిప్పండి. ఈసారి తొడ కూడా కలిసి తిరుగుతుంది, అంటే తిరిగేది తుంటి. చాపిన మోకాలు తాళం వేసినట్లు బిగుసుకుంటుంది. అందుకే మనిషి తొడ కండరాలకు ఎక్కువ శ్రమ లేకుండా చాలాసేపు నిలబడగలడు. కౌంటరు దగ్గర నిలబడి పనిచేసిన రోజుల్లో నేను ఈ తాళాన్ని బాగానే వాడుకున్నాను, తెలియకుండానే.

దీనివల్ల ఒక ఉపయోగం ఉంది. పద్మాసనంలో, కూచిపూడి అరమండిలో పాదం, మోకాలు పక్కకు తిరగవలసింది తుంటి నుంచి. తుంటి తిరగనివారు మోకాలిని మెలిపెట్టి పాదాన్ని పైకి లాగుతారు. మోకాలికి ఆ కదలిక లేదు, కాబట్టి లోపలి సంధిబంధనాలు, మృదులాస్థి చక్రాలు దెబ్బతింటాయి. 1918లో కోలారు జిల్లా బెళ్ళూరులో పుట్టిన బి.కె.ఎస్. అయ్యంగార్ దిమ్మలు, తాళ్ళు, దుప్పట్లు ఆసరాగా ఇచ్చి ఆసనాలు నేర్పేవారు. శరీరం రానిచోటికి కీలును బలవంతంగా తిప్పనక్కర లేకుండా చెయ్యడానికి అదొక మార్గం. నాట్యం నేర్చుకునే అమ్మాయిలు మోకాళ్ళ నొప్పి అంటే బద్ధకం అనుకోకుండా, తిరుగుతున్నది తుంటో మోకాలో చూడమని గురువుగారిని అడగాలి.

బొంగరపు కీలు మెడలో ఉంది. మొదటి వెన్నుపూస ఉంగరంలా ఉంటుంది, రెండోదానికి నిలువుగా ఒక కొమ్ము ఉంటుంది. ఆ కొమ్ము చుట్టూ ఉంగరం తిరిగితే మనం అడ్డంగా తల ఊపి కాదంటాం. అవునని కిందికి పైకి ఊపేది అక్కడ కాదు, పుర్రెకూ మొదటి పూసకూ మధ్య ఉన్న కీలు దగ్గర. అవునో కాదో తెలియకుండా మన బెంగళూరులో ఊపే ఊపుకు ఏ కీలు పేరు రాయాలో పుస్తకంలో లేదు.

బొంగరపు కీలు ఇంకొకటి మోచేతి దగ్గర ఉంది. మోచెయ్యి ఒంటికి ఆనించి, తీర్థం తీసుకుంటున్నట్లు అరచెయ్యి పైకి పెట్టండి. అది సుపినేషన్. అక్షింతలు వేస్తున్నట్లు అరచెయ్యి కిందికి తిప్పండి, అది ప్రోనేషన్. ముంజేతిలో ఉన్న రెండు ఎముకల్లో రేడియస్ అనేది రెండోదాని చుట్టూ తిరగడంవల్ల ఇది సాధ్యం. రేడియస్ తలను ఒక పట్టీలాంటి బంధనం పట్టి ఉంచుతుంది. ఐదేళ్ళలోపు పిల్లల్లో ఆ పట్టు వదులు. బస్సు కదులుతున్నదని బిడ్డను ఒక్క చేత్తో పట్టి పైకి లాగితే రేడియస్ తల ఆ పట్టీలోంచి జారుతుంది. బిడ్డ ఏడ్చి, ఆ చెయ్యి వాడకుండా వేలాడేసుకుంటుంది. వాపు పెద్దగా ఉండదు. డాక్టరు ఒక్క క్షణంలో సరిచెయ్యగలరు. చిన్నపిల్లలను ఎత్తేటప్పుడు చంకల కింద రెండు చేతులూ వేసి ఎత్తండి.

బొటనవేలి మొదట్లో ఉన్నది జీను కీలు. గుర్రపు జీను మీద మనిషి ముందుకు వెనక్కు, పక్కలకు కదిలినట్లు ఈ కీలు కదులుతుంది. బొటనవేలు వచ్చి మిగిలిన నాలుగు వేళ్ళ కొసలనూ తాకగలిగేది దీనివల్లనే. నోట్లు లెక్కపెట్టే యంత్రాలు రాకముందు మా క్యాషియర్లందరి జీతమూ ఈ ఒక్క కీలు సంపాదించినదే. రిటైరయ్యాక బొటనవేలి మొదట్లో నొప్పి అనే పాత సహోద్యోగులు నాకు చాలామంది తెలుసు. ఇక మణికట్టులో ఉన్నది కాండిలాయిడ్ కీలు. మణికట్టులోని చిన్న ఎముకల మధ్య, పాదం ఎముకల మధ్య ఉన్నవి జారెడు కీళ్ళు. ఇవి పేరుకు తగినట్లు కొంచెం జరుగుతాయి, అంతే.

కదిలే కీలు ఎప్పటికీ కదిలేదిగానే ఉంటుందని నమ్మకం లేదు. మన ట్రస్టు కుటుంబాల్లో చాలామంది సొంత ఊళ్ళు అనంతపురం, కోలారు, చిక్కబళ్ళాపురం వైపు ఉన్నాయి. అక్కడ లోతు బోర్ల నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళ మీద మచ్చలతో ఆగదు. ఫ్లోరైడు మోతాదు బాగా ఎక్కువైనచోట సంధిబంధనాల్లో సున్నం పేరుకుని వెన్ను, మెడ కర్రలా బిగుసుకుపోతాయి. ఈ జబ్బును మన దేశంలో మొదట 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా నుంచే వైద్యులు నివేదించారు. నల్గొండ జిల్లా కథ అందరికీ తెలిసిందే. ఊళ్ళో తాతలు మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పి చూస్తే, వయసు అనుకోవద్దు, ముందు నీళ్ళు పరీక్ష చేయించండి.

ఇప్పుడు పెద్దలు చదవవలసిన భాగానికి వస్తాను.

బెంగళూరులో ఏ పేటకు వెళ్ళినా కన్నడంలోను, తెలుగులోను, తమిళంలోను 'పుత్తూరు కట్టు' అని బోర్డులు కనిపిస్తాయి. మన దక్షిణ కన్నడ జిల్లాలో ఉన్న పుత్తూరు అని కొందరు పొరబడతారు. ఇది పాత చిత్తూరు జిల్లాలో ఉన్న పుత్తూరు, 2022 విభజన తర్వాత తిరుపతి జిల్లాలో చేరింది. ఆ దగ్గరి ఈశ్వరాపురంలో రాజుల కుటుంబం ఒకటి 1881 నుంచి ఈ వైద్యం చేస్తోందని చెబుతారు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ, ఇవే సామగ్రి. ఖర్చు తక్కువ, కొయ్యడం కుట్టడం లేదు. తరాలుగా ఎందరో బాగుపడ్డారు. వారిని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. అయితే బోర్డు పెట్టిన ప్రతివారూ ఆ ఊరివారు కారు, ఆ విద్య నేర్చినవారూ కారు.

అదే 1881లో జర్మనీలో ఫోక్‌మన్ అనే శస్త్రవైద్యుడు ఒక వ్యాసం రాశాడు. విరిగిన చేతికి మరీ బిగుతుగా కట్టు కడితే రక్తం ఆడక కండరాలు చచ్చిపోయి, వేళ్ళు గద్దగోళ్ళలా ముడుచుకుపోతాయన్నది దాని సారాంశం. ఇది ఎక్కువగా పిల్లల్లో, మోచేతి పైన ఎముక విరిగినప్పుడు వస్తుంది. చెట్టు మీద నుంచో, సైకిలు మీద నుంచో చెయ్యి చాపి పడితే విరిగేది అక్కడే. చేతికంతటికీ రక్తం ఇచ్చే పెద్ద నాళం సరిగ్గా ఆ ఎముకకు ముందు నుంచి వెళ్తుంది. లోపల వాపు పెరుగుతుంది, బయట కట్టు సాగదు. రక్తం ఆగి ఆరు గంటలు దాటితే కండరం మళ్ళీ బతకదు. ఈ ప్రమాదం వెదురు బద్దల కట్టుకే కాదు, ఆసుపత్రిలో వేసిన పిండికట్టుకూ ఉంది. తేడా ఏమంటే అక్కడ వేళ్ళు చూడమని చెప్పి పంపుతారు, చెప్పాలి కూడా.

మనకు తెలిసిన కుటుంబంలోనే ఆరో తరగతి చదివే అబ్బాయి జామచెట్టు మీద నుంచి పడ్డాడు. ఎక్స్-రే తీయించకుండా దగ్గరలో ఒకచోట కట్టు కట్టించారు. రాత్రంతా ఏడిస్తే, విరిగిన చెయ్యి నొప్పి ఉండదా అని ఓదార్చారు. తెల్లవారేసరికి వేళ్ళు చల్లబడి తిమ్మిరెక్కాయి. ఆసుపత్రికి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. చెయ్యి దక్కింది, వేళ్ళు చాపే శక్తి దక్కలేదు. ఇప్పుడు ఎడమ చేత్తో రాస్తాడు. ఎస్.ఎస్.ఎల్.సి. మంచి మార్కులతో పాసయ్యాడు. అది వాడి పట్టుదల, ఆ రాత్రి పోయింది మాత్రం పోయిందే.

కాబట్టి కట్టు ఎక్కడ కట్టించినా, ఆ రాత్రి వేళ్ళను చూస్తూ ఉండండి. కట్టు కట్టాక నొప్పి తగ్గాలి. తగ్గకపోగా పెరుగుతుంటే, వేళ్ళు పాలిపోయినా నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, మీరు మెల్లగా వేలు చాపితే పిల్లవాడు కేక పెట్టినా, తెల్లవారే దాకా ఆగవద్దు. కట్టు వెంటనే విప్పి, లేదా కత్తిరించి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కట్టినవారు ఏమనుకుంటారో అన్న మొహమాటం అక్కరలేదు. 108కు ఫోను చెయ్యవచ్చు. డబ్బు లేదని ఆగవద్దు. విక్టోరియా, బౌరింగ్ ప్రభుత్వాసుపత్రులు ఉన్నాయి. జయనగర్ వైపు సంజయ్ గాంధీ ట్రామా, ఆర్థోపెడిక్స్ సంస్థ ప్రత్యేకంగా ఎముకల కోసమే ఉంది.

ఎక్స్-రే ఎందుకు అంటే, మూడు గాయాలు పైకి ఒకేలా కనిపిస్తాయి. సంధిబంధనం సాగడమో చిరగడమో బెణుకు. ఎముక గిన్నెలోంచి బయటికి రావడం కీలు తప్పడం. మూడోది ఎముక విరగడం. 'వేళ్ళు కదుపుతున్నాడు, విరగలేదు' అన్న మాట నిజం కాదు, విరిగినా కదపవచ్చు. తప్పిన భుజాన్ని ఇంట్లో ఎవరూ గుంజకూడదు. తువ్వాలుతో మెడకు వేలాడగట్టి తీసుకెళ్ళాలి. వాపు మీద మాలిష్ వద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టవచ్చు.

పిల్లల్లో ఇంకొక చిక్కు, ఇందాక చెప్పిన పెరుగుదల పలక. అది మృదులాస్థి కనుక ఎక్స్-రేలో కనబడదు, నల్లని సందులా ఉంటుంది. మోచేతి దగ్గర ఎముక ముక్కలు ఒక్కొక్కటీ ఒక్కొక్క వయసులో గట్టిపడుతూ వస్తాయి. అందుకే అనుభవమున్న డాక్టరు కూడా ఒక్కోసారి రెండో చేతికి కూడా ఎక్స్-రే తీయించి పోల్చి చూస్తారు. అనవసరపు ఖర్చు అని వాదించకండి. పలక దెబ్బతిని సరిగ్గా కూడకపోతే నొప్పి పోతుంది, ఎముక మాత్రం వంకరగా పెరగవచ్చు, లేదా పొట్టిగా ఆగిపోవచ్చు. అది బయటపడేది నెలల తర్వాత. కట్టు విప్పిన రోజుతో పని అయిపోయిందనుకోకుండా, డాక్టరు చెప్పిన గడువులో, సాధారణంగా ఆరు నెలలకు, ఏడాదికి మళ్ళీ చూపించండి. అప్పుడు పాత ఎక్స్-రే ఫిల్ము అడుగుతారు. దాన్ని మడవకుండా, బిడ్డ పేరు, తేదీ, కుడో ఎడమో రాసి, మార్కుల కార్డులు పెట్టే ఫైలులోనే ఉంచండి.